ముగ్గు మానిన వాకిలి

ప్రతి ప్రాతఃకాలమునను వాకిట ముగ్గు పెట్టి మురిసిపోవు గృహిణి, కొన్నాళ్లుగా ముగ్గుగిన్నెను ముట్టకున్నచో, ఇంటివారు బద్ధకమందురు. అది బద్ధకము కాకపోవచ్చును. ప్రియమైన పనియందు ఆసక్తి నశించుట, కుంగుబాటు అను వ్యాధి లక్షణములలో ముఖ్యమైనది.

దుఃఖము మానవసహజము, ఆప్తుల ఆదరణచేతను, కాలగతిచేతను అది తగ్గును. కాని రెండు వారములకు పైబడి, దినములో అధికభాగము మనస్సు నిరుత్సాహముతో నిండి, తెల్లవారుజాముననే మెలకువ వచ్చి మరల నిద్రపట్టక, అన్నము సయింపక, ‘నేనెవరికిని పనికిరాను’ అను భావము వేధించుచున్నచో, అది బద్ధకము కాదు, వ్యాధి.

మన యిండ్లలో పలువురు దిగులని చెప్పుకొనరు. తలనొప్పి యందురు, ఒళ్లునొప్పు లందురు, నీరసమందురు. యువకులలో ఆ దిగులు చిరాకుగా, కోపముగా బయటపడుటయు కద్దు. ఒంటిబాధ చెప్పువారిని మనస్సును గూర్చియు అడుగుడు.

కుంగినవారిని చావు తలంపు కలుగుచున్నదా యని అడుగుటకు వెనుదీయకుడు. అడిగినంతమాత్రమున ఆ తలంపు పుట్టదు. అడుగువారు లేక ఆ భారమును ఒంటరిగా మోయుటయే భయంకరము. కలదన్నచో వారిని విడిచి పోకుడు.

కుంగుబాటు బద్ధకము కాదు; చికిత్స గల వ్యాధి. వైద్యునితో సంభాషణచేతను, ఔషధములచేతను నయమగును. అందుకు కొన్ని వారములు పట్టును. టెలీమానస్ అను ప్రభుత్వ సేవ రాత్రింబవళ్లు ఉచితముగా తెలుగులో మాటలాడును. ఫోను సంఖ్య 14416. మరల చెప్పెదను: ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి, ఆరు. బాధపడువారికి ఓపిక లేనిచో, మీరే ఫోను కలిపి వారి చేతికిండు.