పదును చూసి మాట

కడప

చిరంజీవి మనుమరాలికి, జేజినాయన ఆశీస్సులు.

అమ్మణ్ణీ, ఆదోని పక్క పల్లె ఆస్పత్రిలో డాక్టరుగా చేరి నెల కాలేదు, "వీళ్లకు ఎంత చెప్పినా తలకెక్కదు" అన్నావు ఫోన్‌లో. ఆ మాట నీ వయసులో నేనూ అన్నాను.

అప్పుడు నేను వ్యవసాయ ఉద్యోగంలో కొత్త. పత్తికొండ దిక్కున ఒక రైతుతో, చేతిలో కాగితం చూసి, "రేపే బుడ్డలు విత్తు" అన్నాను. మన చెనిక్కాయలే అక్కడ బుడ్డలు. ఆయన వాదించలేదు. దున్నిన సాలులోంచి పిడికెడు మన్ను తీసి నా అరచేతిలో పెట్టినాడు. పైన తడి, లోపల పొడి. "పదును రాలేదు సారూ" అన్నాడు. మొండితనం అనుకున్నాను. నా మాట విని విత్తిన పక్క చేనాయనకు మొలకలు రాలేదు, మళ్లీ విత్తనం కొన్నాడు. తప్పు నాది, ఖర్చు ఆయనది.

జనం మాటను చిన్నచూపు చూడని ఒకాయన సంగతి విను. 1820లో సి.పి. బ్రౌన్ ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా మన కడపకు వచ్చినాడు. అప్పటికి కుర్రవాడే. పన్నులు వసూలు చేసే దొరతనంలో భాగమే, మహాత్ముడేం కాదు. అయినా పండితులకు సొంత డబ్బుతో జీతాలిచ్చి, తన బంగళాలోనే తాళపత్రాలకు నకళ్లు రాయించి సరిచేయించినాడు. 1829లో వేమన పద్యాలు, 1852లో నిఘంటువు అచ్చయినాయి. నాకు నచ్చేది ఇంకొకటి. కచేరీల్లో జనం నోట నలిగే ఉర్దూ, పారసీ మాటలకు ప్రత్యేకంగా నిఘంటువు కూర్చినాడు. శుద్ధం కాదని వాటిని వదిలేయలేదు.

నీ షుగరు పేషెంటు సంగతి చూడు. "అన్నం తగ్గించు" అంటే, "నేను అన్నమే తినను డాక్టరమ్మా" అనిందని నవ్వినావు. ఆమె అబద్ధమాడలేదు, తినేది సంగటి. అందులోనూ బియ్యం ఉడుకుతాయి. పూటకెన్ని ముద్దలు, బియ్యమెంత, రాగిపిండి ఎంత అని అడగాల్సింది నువ్వు. రంజాన్ నెల రాకముందే, రోజా ఉండేవాళ్లతో మాత్రల వేళలు మాట్లాడు. ప్రమాదముంటే నిక్కచ్చిగా చెప్పు. ముందే "రోజా మానుకో" అంటే తలూపి పోతారు, నీకు తెలియకుండా మాత్రలే మానేస్తారు.

ఉగాదికి రా, దేవుని కడప గుడికి పోదాం. ముస్లింలు టెంకాయలు పట్టుకొని వచ్చి ఉంటారు. వాళ్ల ఆడపడుచు బీబీ నాంచారమ్మ మగడు కాబట్టి వెంకన్న వాళ్లింటి అల్లుడు! పేరు చూసి ఆచారం తేల్చేసేవాళ్లకు ఆ వరసలో తికమకే.

వైద్యం నీకు తెలుసు. పేషెంటు పొయ్యి మీద ఏముందో పేషెంటుకే తెలుసు. ఈసారి ఎవరైనా ఊరికే తలూపి లేస్తే వెనక్కి పిలువు. "నేను చెప్పింది మీ ఇంట్లో కుదురుతుందా?" అని అడుగు. పదును ఉందో లేదో అప్పుడు తెలుస్తుంది.

ఇట్లు,
నీ జేజినాయన