ఆప్తవాక్యమూ, ఆరో నంబరు కారూ

కళ్లారా చూసినవాడి మాటను, చూడనివాడి ఊహ కొట్టివేయగలదా? ప్రమాణాల గురించి, అంటే తెలుసుకోవడానికి ఆధారాల గురించి, మనవాళ్లు శతాబ్దాలుగా తర్కించిన ఈ ప్రశ్నకు పాత కార్ల ఫొటోలు గట్టి పరీక్షే పెడతాయి. ఫ్రెంచి ఫొటోగ్రాఫర్ ఝాక్ ఆన్రీ లార్తీగ్ కుర్రతనంలో తీసిన రేసుకారు ఫొటో ఒకటి జగత్ప్రసిద్ధం. కారు ముందుభాగం ఫొటో అంచు దాటిపోయింది. వెనకచక్రం కోడిగుడ్డులా సాగి ముందుకు ఒరిగితే, దారి పక్క జనం వెనక్కి ఒరిగారు. కారు మీద 6 అంకె. అది 1912 గ్రాండ్ ప్రీలో డెలాజ్ కారని దశాబ్దాలపాటు చెప్పుకున్నారు. ఫొటో తీసినవాడి పేరుతోనే ఆ వివరం చలామణి అయ్యాక, శంకించేదెవరు?

కానీ వివరాలు పొసగలేదు. 1912 పోటీలో డెలాజ్ కార్లు దిగనే లేదు. 1913లో అమియాఁ దగ్గర జరిగిన పోటీలో దిగాయి గానీ, అక్కడ 6వ నంబరు క్రోకే నడిపిన ష్నైడర్ కారుది. అంకెనూ పోటీ జాబితానూ పక్కపక్కన పెడితే కారు పేరూ, సంవత్సరమూ రెండూ మారిపోయాయి. ఫొటోయే ప్రత్యక్షం కదా, ఇందులో ఊహ ఎక్కడుంది అంటారా? ఆ ఒరిగిన చక్రాన్నే చూడండి. ఆ కెమెరాలో ఒక సన్నని చీలిక ప్లేటు మీదుగా జరుగుతూ వెలుగును వరసగా పడనిస్తుంది. కాబట్టి చక్రం అడుగూ పైభాగమూ ఒకే క్షణానివి కావు; ఈలోపు కారు ముందుకు జరిగింది. కారు వెంట కెమెరా కూడా తిరగడంతో, కదలకుండా నిలబడ్డ జనం వెనక్కి ఒరిగినట్టు పడ్డారు. కనిపించే ఆకారం కారుది కాదు, కారు వదిలిన గుర్తుది. న్యాయదర్శనం, అంటే మన తర్కశాస్త్రం, దాన్ని లింగం అంటుంది. అక్కణ్నుంచి వస్తువు దాకా తర్కంతోనే వెళ్లాలి.

గుర్తులు మోసం చేయవా అన్నది ఒక ఆక్షేపణ. చేస్తాయి. ఫోర్డ్ మోడల్ టి రేడియేటర్‌కు ఇత్తడి పోయి నల్ల తొడుగు వచ్చింది 1917 మోడల్‌తో. అలాగని నల్ల తొడుగున్న ప్రతి కారూ 1917 తర్వాతిదే అనలేం. పాత కారుకే తర్వాత తగిలించి ఉండొచ్చు. ఆ హేతువు సవ్యభిచారం, అంటే తేల్చాల్సింది లేని చోట కూడా కనిపించేది. అయితే ఆ తొడుగు పుట్టకముందు అలాంటి కారున్న ఫొటో తీసే వీల్లేదన్న మాటకు మాత్రం తిరుగులేదు. దోషం గుర్తుది కాదు, దాని చేత మోయలేని మాట మోయించినవాడిది.

ఇంతకన్నా బలమైన ఆక్షేపణ ఇంకొకటుంది: పోటీ జాబితా కూడా ఎవరో రాసిందే, అదీ శబ్దప్రమాణమే, అంటే ఒకరి మాటే ఆధారం కదా? నిజమే. ఇక్కడ అనుమానం, అంటే గుర్తును బట్టి చేసిన ఊహ, శబ్దాన్ని ఓడించలేదు, రెండు మాటల్లో ఏది నమ్మదగిందో తూచింది, అంతే. జాబితాను నమ్ముకుని పోటీ నడవాలి. నంబరు తప్పితే అప్పటికప్పుడే బయటపడుతుంది. ఫొటో కింది వివరానికి అలాంటి పరీక్ష లేదు. తెలుగువాడిగా పేరున్న అన్నంభట్టు తర్కసంగ్రహంలో ఆప్తుడంటే ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడన్నాడు. ఆ లెక్కన ఆప్తత్వం మనిషికి ఒక్కసారి ఇచ్చేసే బిరుదు కాదు, వాక్యం వాక్యానికీ తేల్చుకోవాల్సింది. ఒక కారు అలా దూసుకుపోయిందనడంలో లార్తీగ్ ఆప్తుడే. అది ఏ కారో, ఏ ఏడాదిదో అన్న చోట కాదు. గ్రంథం మీదా, గురువు మీదా గౌరవం ఉన్నవాళ్లు చేయాల్సిన పనీ ఇదే: ఏ వాక్యం చూసి చెప్పిందో, ఏది గుర్తున్నంత మేరకు చెప్పిందో విడదీసుకోవడం.