కనిపించని శత్రువు



పునీత చిన్న తెరేజమ్మగారు కూడా ఒక కట్టుకథను నమ్మారంటే మీకు ఆశ్చర్యంగా ఉండవచ్చు.

1885లో ఫ్రాన్సులో శ్రీసభను దూషిస్తూ వ్రాసే లియో టాక్సిల్ హృదయపరివర్తన చెందినట్లు నటించాడు. ఫ్రీమేసన్లు రహస్యంగా సైతానును పూజిస్తున్నారనీ, డయానా వాన్ అనే యువతి వారినుండి బయటపడి కతోలికురాలయిందనీ వ్రాశాడు. గురువులు, మఠకన్యలు, విశ్వాసులు ఎందరో నమ్మారు. తెరేజమ్మగారు ఆ యువతికి తన ఫోటో పంపారు. 1897 ఏప్రిల్ 19న పారిస్ సభలో టాక్సిల్ ఆ ఫోటోను తెరమీద చూపించి, అంతా తన కల్పనేనని ప్రకటించాడు.

ఎందుకు నమ్మారు? కనిపించని శత్రువు ఉన్నాడని మన విశ్వాసం చెబుతుంది. ఆ శత్రువుకు ఎవరైనా ఊరూ పేరూ పెట్టి చూపిస్తే, దానిని నమ్మడం కూడా విశ్వాసమేనని పొరబడతాం. పైగా లోకానికి తెలియని గుట్టు మనకే తెలిసిందన్న సంబరం! కాని క్రీస్తునాథుడు ముందుగా వెదకమన్నది మన హృదయంలోని చెడును. పొరుగింటిలో సైతానును వెదికేవాడికి ఆత్మశోధనకు తీరిక ఉండదు.

మోసపోవడం పాపం కాదు. విచారించకుండా పదిమందికి చెప్పడం మాత్రం ఎనిమిదవ ఆజ్ఞను మీరడమే. ఈసారి సెల్‌ఫోన్‌లో అలాంటి కథ వస్తే, ఇతరులకు పంపేముందు ఒక్క ప్రశ్న వేసుకుందాం: ఇది నిజమా? లేక నిజమైతే బాగుండునని నాకు ఆశగా ఉందా?