తిన్న పళ్ళెం

భోజనం ఎలా చెయ్యాలో మనకి ఊహ తెలిసినప్పటినుంచీ నేర్పుతారు. కుడిచేత్తో తినమంటారు. మెతుకులు కింద పొయ్యొద్దంటారు. వడ్డించింది వదిలెయ్యొద్దంటారు. పెద్దవాళ్ళు లేవకుండా బంతిలోంచి లేవొద్దంటారు. అయితే భోజనం అయ్యాక ఏం చెయ్యాలో మాత్రం ఎవరూ పెద్దగా చెప్పరు. లేచి చెయ్యి కడుక్కోవడమే! ఆ విస్తరి ఏమయిందో, ఆ కంచం ఎవరు తీశారో మనకి పట్టదు. ఆడవాళ్ళం కనక, తీసేది మనమే కనక, మనకి ఎంతోకొంత తెలుసు. మగవాళ్ళకి ఆ మాత్రం కూడా తెలియదు.

మిగిలిన ఆ సగం పాఠం నేను నలభై దాటాక, పరాయి దేశంలో, పదేళ్ళ కుర్రాడి దగ్గర నేర్చుకున్నాను.

మా చెల్లెలు సింగపూరులో కాపురం ఉంటోంది. "ఒక్కసారి వచ్చిపో అక్కయ్యా" అని నాలుగేళ్ళుగా పోరుతూంటే పోయిన వేసవిలో ఎలాగో వీలుచేసుకుని బయల్దేరాను. మా విస్సన్నపేట వైపు వేసవి అంటే మామిడికాయల కాలం. ఆ కాలంలో ఇల్లు వదిలి వెళ్ళడమంటే మా అత్తగారి దృష్టిలో పెళ్ళిపందిట్లోంచి లేచిపోవడంతో సమానం. అయినా వెళ్ళాను. రసాలు పట్టుకెళ్ళే ధైర్యం లేక తాండ్ర, కందిపొడి, గోంగూరపచ్చడి మూట కట్టుకున్నాను.

వెళ్ళిన మూడోరోజున మధ్యాహ్నం భోజనానికి టెక్కా సెంటర్‌కి తీసుకెళ్ళారు. సెరంగూన్ రోడ్డు దగ్గర, లిటిల్ ఇండియా అని పిలిచే పేటలో ఉంది అది. ఆ చోటికి మలయ్ భాషలో ఇంకో పేరుంది, కందంగ్ కెర్బావ్ అని. అంటే గేదెల కొట్టం! పూర్వం అక్కడ పశువుల్ని కట్టేవారట. ఆ మాట వినగానే నాకు ఎక్కడలేని ధైర్యం వచ్చింది. గేదెల కొట్టాలు మాకు కొత్తా మరి?

ఒకవైపు కూరగాయలు, చేపలు, మాంసం అమ్మే పెద్ద బజారు. ఇంకోవైపు వరసగా తినుబండారాల దుకాణాలు. ఒక్కొక్కటీ మన కిళ్ళీకొట్టుకి కాస్త పెద్దది, అంతే. ఒకదాంట్లో ఆప్పాలు, దాని పక్కన బిరియానీ, ఆ పక్కన చైనావాళ్ళ నూడిల్స్, ఇంకోచోట కొబ్బరిపాలతో వండిన మలయ్‌వాళ్ళ అన్నం. ఒకతను రెండు చేతులూ బారచాచి ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి చాయ్ పోస్తున్నాడు. దాన్ని తే తరిక్ అంటారుట, అంటే 'లాగిన చాయ్'. మా బస్టాండులో చాయ్ కాచే మనిషి కూడా సరిగ్గా అలాగే లాగుతాడు. పేరొక్కటే పెట్టుకోలేదు పాపం.

ఒకప్పుడు వీళ్ళందరూ వీధుల్లో బళ్ళమీద అమ్ముకునేవాళ్ళు. 1971 నుంచి 1986 వరకూ ప్రభుత్వం వాళ్ళని వీధుల్లోంచి తీసి, నీళ్ళూ మురుగుకాలవా ఉన్న ఇటువంటి కట్టడాల్లోకి చేర్చింది. ఇప్పుడున్న టెక్కా కట్టడం 1982 నాటిది. ఈ తిండిశాలల సంస్కృతిని యునెస్కో 2020 డిసెంబరులో మానవజాతి వారసత్వాల జాబితాలో చేర్చింది కూడా. అన్ని జాతులవాళ్ళూ ఒకే బల్లల దగ్గర చేరి, ఎవరికి నచ్చింది వాళ్ళు తెచ్చుకుని తింటారు. ఎదుటివాడి పళ్ళెంలో ఏముందో ఎవరూ తొంగిచూడరు. చూసినదాన్ని నేనొక్కతెనే!

తిన్నాం. లేచాను. చెయ్యి కడుక్కుని వచ్చి, చేతిసంచీ భుజాన వేసుకుని నడవబోతున్నాను.

"పెద్దమ్మా, నీ ట్రే!" అన్నాడు మా చెల్లెలి కొడుకు.

"అక్కడుండనీరా. తీసేవాళ్ళు తీస్తారు" అన్నాను.

వాడు నాకేసి వింతగా చూసి, "ఎవరు తీస్తారు?" అన్నాడు.

వాడు పెంకితనానికి అడగలేదండీ. నిజంగానే తెలియక అడిగాడు. నాకే జవాబు తట్టలేదు. 'ఎవరో' అనబోయి ఆగిపోయాను. మా ఇంట్లో అయితే ఆ ఎవరో నేను. పెళ్ళిలో అయితే ఆ ఎవరికో ఒక ఊరుంటుంది, పేట ఉంటుంది, బంతిలో కూర్చోకుండా పెరటివైపు నిలబడే ఒక చోటుంటుంది. ఇక్కడ ఎవరు?

మా మరిదిగారు తర్వాత చెప్పారు. 2021 సెప్టెంబరు 1 నుంచి ఇటువంటి తిండిశాలల్లో తిన్నవాళ్ళు తమ పళ్ళేన్ని తామే తీసి పెట్టాలని చట్టాన్ని గట్టిగా అమలుచేస్తున్నారు. మర్నాటి ఏడాది జనవరి నుంచి కాఫీకొట్లకీ, ఫుడ్‌కోర్టులకీ కూడా అంతే. మొదటిసారి మానేస్తే రాతపూర్వకంగా హెచ్చరిక. రెండోసారి 300 డాలర్ల జరిమానా. మన డబ్బులో పద్దెనిమిది వేల పైమాటే! ఆ పైన కోర్టు. శక్తిలేని వృద్ధులకీ, వికలాంగులకీ, పసివాళ్ళకీ మాత్రం మినహాయింపు. నేను ఏ కోవలోకి వస్తానో అని మా చెల్లెలు ఒకటే నవ్వు.

సరే, నా ట్రే నేనే పట్టుకుని వెళ్ళాను. అక్కడ అరలు రెండు రకాలు. హలాల్ వంటలు తిన్న పళ్ళేలకి ఒకటి, మిగతావాటికి ఒకటి. ముస్లిములు తినే పాత్రలు, పందిమాంసం తగిలిన పాత్రలతో కలవకుండా అన్నమాట. 'ఓహో, ఇక్కడా అంటు ఉందే!' అనుకున్నాను. కాసేపయ్యాక తేడా తెలిసింది. అక్కడ అంటు పాత్రకి. ఆ పాత్రని మోసే మనిషికి కాదు. ఏ మతంవాడైనా, ఎంత జీతగాడైనా తన పళ్ళెం తనే మోసుకొచ్చి అక్కడ పెడుతున్నాడు.

ఆ అరల దగ్గర అరవై దాటిన ఒక చైనా ఆవిడ గుడ్డతో బల్లలు తుడుస్తోంది. నన్ను చూసి తల ఊపింది. ఆ దేశంలో ఈ పని చేసేవాళ్ళలో పెద్దవయసువాళ్ళే ఎక్కువ కనిపించారు నాకు. చట్టం వచ్చేముందు, 'మన పళ్ళేలు మనమే తీస్తే వీళ్ళ ఉద్యోగాలు పోవూ?' అని అక్కడివాళ్ళు కొందరు వాదించారట. ఎక్కడో విన్న మాటలా లేదూ? 'అన్నీ మనమే చేసుకుంటే పనిమనిషి బతికేదెలా?' అని మనం అనే మాటే ఇది. నేనూ అన్నాను, ఎన్నోసార్లు. కానీ ఆ ముసలావిడని చూశాక నాకొక అనుమానం వచ్చింది. ఆవిడకి కావలసింది పనా, మన ఎంగిలా? బల్ల తుడవడం పని. నేలకడగడం పని. దానికి జీతం ఉంది. నేను తిని వదిలిన ఎముకలూ, నోట్లోంచి తీసి పెట్టిన కరివేపాకూ ఆవిడ ఏరాలనుకోవడం పని ఇవ్వడం కాదు. ఇద్దరికీ మధ్య ఎత్తుపల్లాలు ఉన్నాయని గుర్తుచెయ్యడం.

సాయంత్రం ఒక బేకరీకి వెళ్ళాం. 2000లో మొదలై ఆ దేశంలో బాగా పేరుపడ్డ బ్రెడ్‌టాక్ అనే దుకాణం. మన బేకరీల్లోలాగా అద్దాల వెనకనుంచి వేలుపెట్టి చూపించి 'అది రెండు, ఇది నాలుగు' అనడం లేదు. గుమ్మంలోనే ఒక ట్రే, ఒక పట్టుకారు తీసుకుని, మనకి కావలసినవి మనమే ఏరుకోవాలి. దూదిలా మెత్తగా ఏదో పైన అద్దిన బన్ను ఒకటి ముద్దొచ్చింది. తీసుకోబోతే మా చెల్లెలు నా చెయ్యి పట్టుకుని ఆపింది. ఆ దూది పందిమాంసమట! ఆ బన్నే అక్కడ అందరికంటే ఎక్కువ పేరున్నదట. పొరపాటున పట్టుకెళ్ళి మా అత్తగారికి పెట్టి ఉంటే ఈ వ్యాసం రాయడానికి నేను మిగిలేదాన్ని కాదు.

ట్రే నిండా బన్నులు పెట్టుకుని డబ్బు కట్టడానికి వరసలో నిలబడ్డాను. మోస్తూంటే ఎంత హాయిగా ఉందో! అప్పుడు తట్టింది నాకు. మధ్యాహ్నం మోసిందీ ట్రేనే, ఇప్పుడు మోస్తున్నదీ ట్రేనే. ఇదే బరువు. నిజానికి మధ్యాహ్నం మోసిందే తేలిక. మరి నిండు ట్రే మొయ్యడానికి చిన్నతనం లేనిదాన్ని, తిన్న ట్రే మొయ్యడానికి ఎందుకు తటపటాయించాను? తినకముందు అది 'నా' తిండి. తిన్న తర్వాత అది ఎవరిదో ఎంగిలి. మధ్యలో మారిందల్లా నా కడుపు నిండడమే.

'జరిమానాకి భయపడి చేసే మంచి ఏం మంచమ్మా?' అని మీరడగవచ్చు. నేనూ అడిగాను మా మరిదిగారిని. ఆయన ఏమీ అనకుండా పిల్లాడికేసి చూపించారు. నిజమే, వాడికి జరిమానా సంగతి తెలియనే తెలియదు. తిన్నాక ట్రే తియ్యడం వాడికి చెప్పులు వేసుకోవడం లాంటిది. తల్లిదండ్రుల భయం పిల్లల దగ్గరికి వచ్చేసరికి అలవాటయింది. ఆలోచిస్తే మన అలవాట్లు కూడా ఎవరో ఒకరి భయంలోంచి పుట్టినవే కాబోలు.

ఈ ఎంగిలి సంగతి చిన్నది కాదు సుమండీ. గాంధీగారి ఇంట్లోనే పెద్ద గొడవ జరిగింది. 1898లో డర్బన్‌లో ఉన్నప్పుడు, ఆయన దగ్గర పనిచేసే గుమాస్తా ఒకతను వాళ్ళింట్లోనే ఉండేవాడు. పంచమ కులంలో పుట్టిన తల్లిదండ్రుల బిడ్డ, క్రైస్తవుడు. గదిలోని మూత్రపాత్ర తీసి శుభ్రం చెయ్యడం ఇంటివాళ్ళ వంతు. తక్కినవాళ్ళవి తీసిన కస్తూరిబా, అతనిది తియ్యడానికి మనసొప్పక కన్నీళ్ళతో మోసుకొచ్చింది. ఏడుస్తూ కాదు, సంతోషంగా తియ్యాలని గాంధీగారు కేకలేసి, ఆవిణ్ణి చెయ్యి పట్టుకుని గేటుదాకా ఈడ్చుకెళ్ళారు. తర్వాత సిగ్గుపడ్డారు. ఆత్మకథలో దాచుకోకుండా రాసుకున్నారు. ఆ కథ చదివినప్పుడల్లా నాకు ఇద్దరిమీదా జాలేస్తుంది. ఆవిడ మనసులో ఉన్న కులం తప్పు. ఆయన చేతిలో ఉన్న బలవంతం తప్పు. అంత గొప్ప ఇంట్లో కూడా ఒక మనిషి తన పాత్ర తను తీసుకోవడమనే చిన్న సంగతి దగ్గర సంసారం గేటుదాకా వెళ్ళింది!

మా ఇంట్లో గేటుదాకా వెళ్ళలేదు లెండి. తిరిగొచ్చిన మర్నాడే, ఎవరి కంచం వాళ్ళే తీసుకెళ్ళి తొట్టిలో పెట్టాలని చెప్పాను. "మగాడి చేత ఎంగిలికంచం తీయిస్తావా అమ్మాయ్?" అన్నారు అత్తగారు. మా వారు మాత్రం తీశారు. తీసి, "నా కంచం నేనే తీశాను" అని ఆ రోజు మూడుసార్లు ప్రకటించారు. ఇరవై ఏళ్ళుగా ఇంటిల్లిపాదివీ తీస్తున్నాను, ఒక్కసారీ ప్రకటించాలని తోచలేదు నాకు!

శ్రావణమాసంలో మా ఇంట్లో వ్రతం, ముప్పైమందికి భోజనాలు. ఎవరి విస్తరి వాళ్ళు తీసి గంపలో వెయ్యండని అడగాలని రాత్రంతా అనుకున్నాను. తీరా బంతి లేచేసరికి నోరు పెగల్లేదు. ధైర్యం చేసి వరసైన ఒక పెద్దావిడతో మెల్లిగా అంటే, "పిలిచి అన్నం పెట్టి ఎంగిలి ఎత్తమంటావా? అతిథికి అదా మర్యాద?" అన్నారావిడ. ఆవిడన్నదీ తోసెయ్యదగ్గ మాట కాదు. అతిథి విస్తరి ఇంటివాళ్ళు ఎత్తడం నిజంగా గొప్ప మర్యాదే. రాజసూయంలో శ్రీకృష్ణుడు ఎంగిలి విస్తళ్ళు ఎత్తాడని పురాణకాలక్షేపాల్లో చెబుతారు కూడా. కానీ ఎత్తేది ఇంటివాళ్ళు కాదే! మర్యాద మనది, చేతులు ఇంకొకరివి.

ఆ చేతులు మా ఇంటికి సాయానికి వచ్చే ఆవిడవి. ముప్పై విస్తళ్ళూ ఎత్తి, చోటు తుడిచి, అందరూ వెళ్ళాక వంటింటి గుమ్మం దగ్గర తను తినడానికి కూర్చుంది. నేను దగ్గరుండి వడ్డించాను. తిని, అలవాటుగా తన విస్తరి తనే మడిచి పట్టుకుని లేచింది. అప్పుడు చూశాను. ఇన్నేళ్ళుగా మా ఇంట్లో తన ఎంగిలి తనే ఎత్తుకుంటున్న మనిషి ఆవిడొక్కతే. సింగపూరువాళ్ళు జరిమానా పెట్టి నేర్పుతున్న పాఠం ఆవిడకి ఎప్పుడో వచ్చు. ఆవిడకది పాఠం కాదు. ఎత్తేవాళ్ళు లేకపోవడం.

"ఇలా ఇవ్వు, ఇవాళ నేను తీస్తాను" అని చెయ్యి చాచాను.

ఆవిడ రెండడుగులు వెనక్కి వేసింది. "వద్దమ్మగారూ, నాకు పాపం చుట్టుకుంటుంది" అంది. మొహంలో నవ్వు లేదు, నిజంగా భయమే ఉంది. నేను విస్తరి అంచు పట్టుకున్నాను. ఆవిడ వదల్లేదు. చివరికి నేనే వదిలేశాను. బలవంతం చెయ్యడానికి మనసొప్పలేదు.

సింగపూరులో నా ట్రే నేను మొయ్యడానికి పట్టింది ఒక్క నిమిషం. ఇక్కడ ఆవిడ విస్తరి నా చేతికి రావడానికి ఎన్నాళ్ళు పడుతుందో. ఈలోగా నా కంచం నేను తీసుకుంటున్నాను. వచ్చే వ్రతానికి పెద్దావిడకి కోపం వచ్చినా సరే, బంతి లేవకముందే ఆ మాట అందరికీ వినబడేలా చెప్పాలనుకుంటున్నాను. అతిథుల విస్తళ్ళు ఎత్తితీరవలసిందే అంటారా, అయితే ఇంటిదాన్ని కనక నేనూ మా వారూ ఎత్తుతాం. ఆయన ముప్పైసార్లు ప్రకటించుకున్నా ఫరవాలేదు.

మీ ఇంట్లో ఎవరు తీస్తారు?