చూపుకు ఆనని చోట

విజయవాడ

చిరంజీవి అమ్మడికి మామయ్య ఆశీర్వదించి రాసేది.

హైదరాబాద్ నుంచి నువ్వు రాసిన ఉత్తరం తీరిగ్గా చదివాను. ఈ సెమిస్టర్‌లో టైపోగ్రఫీ, యానిమేషన్, త్రీడీ మోడలింగ్ మూడూ ఒక్కసారే మీద పడ్డాయనీ, దేన్ని గట్టిగా పట్టుకోవాలో తేలడం లేదనీ రాశావు. ఈలోగా ఏఐ వచ్చి మూడింటినీ మింగేస్తుందేమోనని మీ క్లాసులో అందరికీ బెంగగా ఉందన్నావు. నేను సీసం అక్షరాల కంపోజింగ్ రోజుల్లో పత్రికలో చేరి, ఆఫ్‌సెట్, డీటీపీ, యూనికోడ్ వరకూ పేజీలు కట్టినవాణ్ణి. పనిముట్లు మారిపోవడం నాకు కొత్త కాదు. అవి ఎన్ని మారినా పనిమంతుల్ని నిలబెట్టే గుణం ఒకటుంది. దాని గురించి చెబుదామనే ఇంత పెద్ద ఉత్తరం.

మంచి పనిలో సగం చూసేవాళ్ల చూపుకు ఆనదు. ఆ సగాన్ని కూడా ఒళ్లు దాచుకోకుండా చేయడమే ఆ గుణం. నువ్వు నేర్చుకుంటున్న మూడు విద్యలూ అడిగేది అదే. ఒక్కొక్కటీ తీసుకుని చెబుతాను.

ముందు అక్షరాల సంగతి. ‘స్త్రీ’ అనే మాట చూడు. కంటికి ఒక్క అక్షరం. యూనికోడ్‌లో మాత్రం స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం, మొత్తం 6 సంకేతాలు వరసగా ఉంటాయి. వాటిని కలిపి, వత్తుల్ని వాటి చోట కూర్చోబెట్టేవి రెండు: సాఫ్ట్‌వేర్‌లోని షేపింగ్ ఇంజన్, ఫాంటులో రాసిపెట్టిన నియమాలు. వీటిలో ఏది సరిగా లేకపోయినా వత్తులు ఊడిపోయి పొల్లులు బయటపడతాయి. ఇన్‌డిజైన్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోకుండా తెలుగు పేరా తెచ్చి అతికిస్తే జరిగేది అదే. ఫ్లెక్సీల మీదా, దుకాణాల బోర్డుల మీదా ఇలా విరిగిన తెలుగు రోజూ కనిపిస్తూనే ఉంటుంది. చేసినవాళ్లకు చదవడం వచ్చు. అచ్చుకు పంపేముందు ఒక్కసారి చదివి చూసుకోలేదంతే. నువ్వు చదువు. పైకి చదువు, పక్కవాళ్ల చేత కూడా చదివించు.

లైన్ల మధ్య ఎడం కూడా అలాంటిదే. ఇంగ్లీషుకు సరిపోయే ఎడం తెలుగుకు చాలదు. మన వత్తులు కిందికి దిగుతాయి, గుడులూ తలకట్లూ పైకి లేస్తాయి. ‘లక్ష్మి’ కింద వత్తు, దాని కింద లైనులోని ‘కీ’ గుడి ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి. ఎడం చాలినంత ఇచ్చావని ఏ పాఠకుడూ నిన్ను మెచ్చుకోడు, చివరిదాకా చదువుతాడు. కాలమ్‌లో పట్టలేదని అక్షరాన్ని రెండు పక్కలా నొక్కడం మరో చెడ్డ అలవాటు. నొక్కితే నిలువు గీతలు చిక్కిపోతాయి, అడ్డగీతలు అంతే లావుగా ఉండిపోతాయి, అక్షరం రూపు చెడుతుంది. పట్టకపోతే సబ్ ఎడిటర్‌ని అడిగి ఒక మాట తగ్గించు. ‘ద’కూ ‘ధ’కూ తేడా కింద ఉన్న చిన్న గీత. మందుల పెట్టె మీద సన్నటి ఫాంటులో అచ్చువేస్తే ఆ గీత మాయమవుతుంది. ఆ పెట్టెను చేయి చాచి పట్టుకుని, కళ్లు చికిలించి చదివే పెద్దావిడ నీకెప్పటికీ ఎదురుపడదు. ఆవిడ కోసమే నువ్వు పనిచేస్తున్నావని గుర్తుపెట్టుకో.

మీ తరానికి ఫాంట్ల కరువు లేదు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు పోతన, వేమన ఫాంట్లను ఉచితంగా ఇచ్చారు. పెద్దన, తిమ్మన, ధూర్జటి, సూరన్న, గిడుగు, గురజాడ పేర్లతో ఉన్న ఫాంట్లు ఓపెన్ ఫాంట్ లైసెన్సుతో ఎవరికైనా దొరుకుతాయి. ఒక్కో ఫాంటు వెనక గుణింతాలూ వత్తులూ కలిసి వందల రూపాలు గీసిన చేయి ఉంటుంది. వాడుకో, వాడిన ఫాంటు పేరు పని కింద రాయి. బాపు గారి చేతిరాత కూడా ఫాంటై శుభలేఖల మీదా సినిమా పేర్ల మీదా అంతటా ఉంది. దాన్ని అన్నింటికీ అద్దేయకు. ఆయన చేత్తో రాసిన పుస్తకాల అట్టలు వెతికి ముందు పెట్టుకో. వంపు ఎక్కడ మొదలైంది, ఎక్కడ ఒత్తిడి పెరిగింది, పక్క అక్షరానికి ఎలా చోటిచ్చింది చూసి, నీ చేత్తో కాగితం మీద రాయి. అప్పుడు మౌసు పట్టుకున్నా నీ వేళ్లకు ఆ వంపు తెలిసి ఉంటుంది.

ఇక యానిమేషన్. తెర మీద ఒక్కో ఫ్రేమ్ ఉండేది సెకనులో 24వ వంతు. అంత కొద్దిసేపు కనిపించే బొమ్మను ఎవరు పట్టించుకుంటారని నీకు అనిపించే రోజు వస్తుంది. విడిగా ఏ ఒక్క ఫ్రేమునూ ఎవరూ చూడరు. ఒక్కటి తప్పు పడితే మాత్రం కదలిక ఎక్కడో తడబడిందని చిన్నపిల్లలకు కూడా తెలిసిపోతుంది. డిస్నీలో ఏళ్లతరబడి పనిచేసిన ఫ్రాంక్ థామస్, ఓలీ జాన్‌స్టన్ 1981లో తెచ్చిన పుస్తకంలో 12 సూత్రాలు చెప్పారు. మీ మాస్టార్లు వాటిని చెప్పే ఉంటారు. వాటిని పరీక్ష కోసం బట్టీపట్టి వదిలేయకు. కోఠి బస్టాపులో కాసేపు నిలబడు. మూట ఎత్తుకోబోయే మనిషి ముందు మోకాళ్లు వంచుతుంది, ఊపిరి బిగబడుతుంది, ఆ తర్వాతే మూట లేస్తుంది. లేచాక బరువు ఒక తుంటి మీదికి మారుతుంది. ఆ సూత్రాల్లో ఒకటైన ‘యాంటిసిపేషన్’ అక్కడ కళ్లముందు నడుస్తుంది. స్కెచ్‌బుక్ లేకుండా బయటికి వెళ్లకు.

రాజమౌళి గారి ‘ఈగ’ 2012లో వచ్చింది. అందులో ఈగగా మళ్లీ పుట్టిన కథానాయకుడికి నోట మాట లేదు, మనిషి ముఖం లేదు. కాళ్ల కదలికలో, రెక్కల విదిలింపులో, తల తిప్పిన తీరులో కోపం, పట్టుదల, ప్రేమ అన్నీ పలికించారు. మకుట సంస్థకు ఆ పనికి జాతీయ పురస్కారం వచ్చింది. వీలైనప్పుడు ఆ సినిమాను సౌండు తీసేసి, ఆపి ఆపి చూడు.

అంతకన్నా పాత గురువులు మనకు ఉన్నారు. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటకు వెళ్లిరా. తోలుబొమ్మల కళాకారులు మేకతోలును వెలుగు దూరేంత పలచగా శుభ్రం చేసి, బొమ్మకు చేతులూ కాళ్లూ విడిగా కోసి, కీళ్ల దగ్గర దారంతో ముడివేస్తారు. నువ్వు రిగ్గింగ్ అని నేర్చుకునే పనే అది. కీలు ఎక్కడ పెట్టాలో, ముడి ఎంత వదులుగా ఉండాలో తెలియకపోతే హనుమంతుడి చేయి లేవదు. నగల మీద పొడిచిన చిన్న చిన్న రంధ్రాల్లోంచి వెలుగు మెరుస్తుంది. తెరకు ఇవతల కూర్చున్నవాళ్లు రంధ్రాలు లెక్కపెట్టరు, మెరుపు చూస్తారు. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ఇచ్చారు. యానిమేషన్ అంటే పరాయి దేశపు విద్య అనుకునేవాళ్లకు ఆ ఊరు జవాబు చెబుతుంది.

మూడోది మోడలింగ్. రెండర్ చేసిన బొమ్మ అందరూ చూస్తారు, దాని కింది గీతల వలను, అంటే వైర్‌ఫ్రేమ్‌ని, నీ తర్వాత పనిచేసే మనిషి చూస్తాడు. మోచేయి దగ్గర ఎడ్జ్ లూపులు సరిగా లేకపోతే చేయి మడిచినప్పుడు తోలు నలిగినట్టు అవుతుంది. నువ్వు తొందరలో వదిలేసిన తప్పును సరిదిద్దడానికి రిగ్గింగ్ చేసేవాడు రాత్రంతా కూర్చుంటాడు. టోపాలజీ, అంటే ఆ గీతల అల్లిక, శుభ్రంగా ఉంచడం, అవసరం లేని చోట పాలిగన్లు పోగుచేయకపోవడం, ఫైళ్లకూ లేయర్లకూ అర్థమయ్యే పేర్లు పెట్టడం సాటి మనిషి నిద్రను గౌరవించడమే. మార్కుల పట్టికలో వీటికి చోటు లేకపోయినా నువ్వు చేయి.

మోడల్ చేసే వస్తువు పట్ల కూడా నిజాయితీ కావాలి. రామప్ప గుడిని చేయమన్నారనుకో. దక్షిణాది గుడి పేరుతో దొరికే రెడీమేడ్ గోపురం తెచ్చి నిలబెడితే అది రామప్ప కాదు. కాకతీయుల కాలంలో, 13వ శతాబ్దంలో కట్టిన గుడి అది, 2021లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కింది. నక్షత్రం ఆకారపు ఎత్తైన పీఠం, ఎర్ర ఇసుకరాతి గోడలు, నున్నగా సానపట్టిన నల్లరాతి మదనికలు దాని రూపు. ఎర్రరాయి వెలుగును తాగుతుంది, నల్లరాయి తిప్పి కొడుతుంది. ఆ తేడా తెలియాలంటే ఆ గుడి ఉన్న పాలంపేట వెళ్లి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చూడాలి. చూడకుండా చేసిన మోడల్‌ని చూసి ఎక్కడో పిల్లలు అదే రామప్ప అనుకుంటారు. ఆ భారం మోడల్ చేసినవాళ్లదే.

ఈ పనులకు కావాల్సిన సాఫ్ట్‌వేర్‌ను దొంగతనంగా వాడకు. పేదరికం పేరు చెప్పి సమర్థించుకోకు. బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌ను తయారుచేసిన టాన్ రోసెండాల్ 2002లో దాన్ని అందరికీ విడుదల చేయడానికి విరాళాలు అడిగితే, 7 వారాల్లో లక్ష యూరోలు పోగయ్యాయి. అప్పట్నుంచీ అది ఓపెన్ సోర్స్, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. లాత్వియా దర్శకుడు బ్లెండర్‌తోనే చేసిన ‘ఫ్లో’ సినిమా 2025లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ తెచ్చుకుంది. ఎక్కడో ఎవరో ఇచ్చిన చందాల వల్ల నీ కంప్యూటర్‌లో ఆ పనిముట్టు ఉంది. సంపాదన మొదలయ్యాక నీ వంతు నువ్వూ వెయ్యి.

ఏఐ మాటకు వస్తాను. పైకి బాగున్న బొమ్మను అది క్షణంలో ఇస్తుంది. అందులో ఏ వేలు తప్పు వంగిందో, ఏ వత్తు తప్పు పడిందో, ఏ శిల్పం ఏ కాలానిది కాదో పట్టుకోవాలంటే పని లోతు తెలిసిన కన్ను కావాలి. ఆ కన్ను చేత్తో చేసిన సాధన వల్లే వస్తుంది. అందుకే ఈ చదువుకునే నాలుగేళ్లలో అడ్డదారి తొక్కకు. మాస్టార్లు వాడమన్న చోట వాడు, వాడానని చెప్పు. బతికున్న చిత్రకారుడి శైలిని దానితో దింపించి నీదని చూపకు. షోరీల్‌లో ప్రతి షాటు కిందా నీ వంతు ఎంతో రాయి: మోడల్ నాది, లైటింగ్ నా స్నేహితురాలిది అని. నువ్వు పేరు వేసినంత మాత్రాన నీ విలువ తగ్గదు. నిన్ను పనిలోకి తీసుకునే పెద్దలు ఆ వాక్యం చదివి నిన్ను నమ్ముతారు.

ఒళ్లు దాచుకోవద్దని చెప్పాను కాబట్టి, ఒళ్లు గుల్ల చేసుకోవద్దని కూడా చెప్పాలి. ‘లైఫ్ ఆఫ్ పై’లో పులిని సృష్టించిన రిథమ్ అండ్ హ్యూస్ స్టూడియోకు హైదరాబాద్‌లోనూ శాఖ ఉండేది. ఆ సంస్థ 2013 ఫిబ్రవరిలో దివాలా పిటిషన్ వేసింది. అదే నెలలో ఆ సినిమాకు విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ వచ్చింది. పురస్కారం అందుకున్నవాళ్లు వేదిక మీద సంస్థ కష్టాల గురించి మాట్లాడబోతే సంగీతం పెంచి మాట ఆపేశారు. బయట వందలమంది ఎఫెక్ట్స్ కళాకారులు నిరసనకు దిగారు. తెర మీద పులిని లోకమంతా చూసింది, దాని వెనక చేతుల్ని చూడలేదు. కనిపించని శ్రమకు కూడా జీతం ఉండాలి, పేరు ఉండాలి, నిద్ర ఉండాలి. పని మొదలుపెట్టేముందు ఎంత ఇస్తారో, ఎన్నిసార్లు మార్పులు చేయాలో, పేరు ఎక్కడ వేస్తారో కాగితం మీద రాయించుకో. మనవాళ్లే కదా అని మొహమాటపడకు. మణికట్టు నొప్పి పుడితే ఆ రోజుకు పెన్ను కింద పెట్టు.

కొన్ని పనులకు కుదరదని చెప్పాల్సి వస్తుంది. అప్పు ఇచ్చే యాప్‌వాళ్లు వడ్డీ షరతులను తెల్లటి నేల మీద బూడిదరంగు చిన్న అక్షరాల్లో దాచమంటారు. అక్షరాన్ని చదివించడానికి నేర్చిన విద్యను చదవనివ్వకుండా చేయడానికి వాడకు. ఒక ఆడపిల్ల ముఖాన్ని ఆమె ఒప్పుకోకుండా మరో ఒంటికి అతికించమంటారు, సరదాకే అంటారు. సరదాకు కూడా ఒప్పుకోకు, ఆ ఫైలు నీ దగ్గర ఉంచుకోకు, అడిగినవాళ్లతో స్నేహమూ ఉంచుకోకు. దానివల్ల అవకాశం పోతే పోనీ. మీ అమ్మానాన్నలూ నేనూ నీ వెనక ఉన్నాం.

మూడింట్లో ఏది పట్టుకోవాలని అడిగావు. ఈ ఏడాది మూడూ మనసుపెట్టి చేయి. ఎవరూ చూడరని తెలిసినా ఏ పనిలో నీకు విసుగు పుట్టదో గమనించుకో. అక్షరాల మధ్య ఎడం సర్దుతూ భోజనం వేళ మరిచిపోతే టైపోగ్రఫీ నీది, ఒక్క అడుగు నడకను మళ్లీ మళ్లీ దిద్దుతూ కూర్చోగలిగితే యానిమేషన్ నీది, వైర్‌ఫ్రేమ్ గీతలు సరిచేస్తూ పొద్దు మరిచిపోతే మోడలింగ్ నీది. జీతాల పట్టిక చూసి ఎంచుకుంటే ఆ పట్టిక మారిన రోజున నువ్వు తికమకపడతావు.

సంక్రాంతికి వచ్చేటప్పుడు పూర్తయిన బొమ్మలతో పాటు అసలు ఫైళ్లు కూడా తీసుకురా. వైర్‌ఫ్రేములు, లేయర్లు, కొట్టివేసిన స్కెచ్‌లు అన్నీ చూపించు. బాగున్నది బాగుందంటాను, తప్పును తప్పంటాను. నీ పని నీకు తెలియని మనిషికి ఉపయోగపడాలని, ఆ పనికి తగిన కూలీ, గౌరవం నీకు దక్కాలని ఆశీర్వదిస్తున్నాను.

నీ మామయ్య