దూలం కొన చూడందే బయానా వద్దు

చిరంజీవి రాఘవకు చిన్నాయన ఆశీర్వదించి రాయునది.

గూడూరులో పాత రాతిమిద్దె ఒకటి బేరానికి వచ్చిందనీ, అమ్మానాన్నలను అందులో ఉంచి పండగలకూ సెలవులకూ నువ్వు వచ్చిపోతావనీ రాశావు. మంచి ఆలోచనే. కర్నూలు ఎండల్లో రెండడుగుల మందం రాతిగోడ, పైన అడుగు మందం మట్టికప్పు ఇచ్చే చల్లదనం ఏ ఏసీకీ చేతకాదు. ఈసీ తీయించావు, లింకు డాక్యుమెంట్లు వకీలుకు చూపించావు, హద్దులు కొలిపించావు, వాస్తు చూసే ఆయన్ను కారులో పిలుచుకొచ్చావు. అంతా చదివి సంతోషించాను గానీ ఉత్తరం ఎంత వెతికినా ఒక్క మాట కనపడలేదు. ఆ ఇంటి దూలాలు ఎట్లున్నాయి? కాగితాల్లో మూడు తరాల వెనక్కి పోయి చూసిన మనిషివి, నెత్తిమీది కట్టె పుచ్చిందో లేదో చూడకుండానే వచ్చేవారం బయానా ఇస్తానంటున్నావు. అమ్మేవాళ్ళు పెద్దమనుషులనీ, ఇల్లు ఎనభై ఏళ్ళుగా చెక్కుచెదరలేదనీ ధైర్యం చెప్పుకున్నావు. రెండూ నిజమే కావచ్చు, అయినా నేనడిగినదానికి అవి జవాబు కావు. పాత కట్టడాలు తెలిసిన ఇంజనీరును పెట్టి పునాది నుంచి పిట్టగోడ దాకా పరీక్ష చేయించి, రాతమూలకంగా రిపోర్టు తీసుకోవడం ఆ కప్పు కింద పడుకోబోయేవాళ్ళకు నువ్వు పడ్డ బాకీ అని నా అభిప్రాయం. కొనే ముందే తీర్చాల్సిన బాకీ అది.

మిద్దె అంటే ఏమిటో ఒకసారి లెక్క వేసి చూడు. మట్టి అడుసుతో పేర్చిన రాతిగోడలు, వాటి మీద దూలాలు, దూలాల మీద దంతెలు, ఆపైన పలకలో నాపరాళ్ళో, వాటి మీద మట్టి, అన్నిటికీ పైన నీళ్ళు దిగకుండా సవుడు మన్ను. పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు ఉన్న గది మీద అడుగు మందం మట్టి ఉంటే అది 120 ఘనపుటడుగులు. గట్టిపడిన పొడిమట్టి ఘనపుటడుగు సుమారు 45 కిలోలు తూగుతుంది. అంటే నీ మంచం మీద అయిదు టన్నుల పైచిలుకు బరువు నిలబడి ఉందన్నమాట. వాన పట్టి ఆ మట్టి నానితే ఇంకో టన్ను పైనే చేరుతుంది. కురుస్తున్న చోటల్లా ఏటేటా పైన కొత్త మట్టి వేయడమే గానీ కిందిది తీయడం మన అలవాటు కాదు. ఒకప్పుడు అడుగున్న మందం అడుగున్నర అయినా ఇంట్లోవాళ్ళకు తెలియదు. కట్టె మాత్రం తాతలనాటిదే. బరువు పెరుగుతూ బలం తరుగుతూ పోతే, ఆ రెండు గీతలూ ఏదో ఒక రాత్రి కలుసుకుంటాయి. 2024 జూన్‌లో నంద్యాల జిల్లా చాగలమర్రి మండలం చిన్న వంగలిలో మట్టిమిద్దె కూలి, నిద్రలో ఉన్న భార్యాభర్తలూ ఇద్దరు కూతుళ్ళూ చనిపోయారు. మనకు అట్టే దూరం కాని ఊరు. మరికాస్త దూరం పోతే లాతూరు. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున కిల్లారి చుట్టుపక్కల భూకంపం వచ్చి దాదాపు పదివేల మంది పోయారు. అప్పటి భూకంప పటంలో ఆ ప్రాంతం ప్రమాదం అతి తక్కువున్న మండలంలోనే ఉంది. అంతమందిని పొట్టన పెట్టుకున్నవి ముఖ్యంగా అక్కడి ఇళ్ళు. మట్టి అడుసుతో కట్టిన మందపాటి రాతిగోడలు, పైన మోయలేనంత మట్టి. గోడకు లోపలి ముఖం ఒకటి, బయటి ముఖం ఒకటి పేర్చి, నడుమ చిల్లరరాళ్ళు పోశారు. రెండు ముఖాలనూ పట్టి ఉంచే పొడుగురాళ్ళు అడ్డంగా వేయకపోవడంతో కుదుపుకు అవి చెరోపక్కకు విడిపోయాయి. మన పడమటి తాలూకాల్లో పాత ఇళ్ళు ఎన్నో కట్టినదీ ఇదే పద్ధతిలో.

‘ఎనభై ఏళ్ళు నిలిచింది, ఇప్పుడెందుకు పడుతుంది?’ అంటావు. ఊళ్ళో అందరూ అనే మాటే కాబట్టి దీనికి నిదానంగానే జవాబు చెప్పాలి. ఆ ఎనభై ఏళ్ళూ ఇల్లు తనంతట తాను నిలబడలేదు, నిలబెట్టినవాళ్ళున్నారు. తొలకరికి ముందు సవుడు తోలి పరిచినవాళ్ళు, దోనెల్లో చెత్త తీసినవాళ్ళు, మిద్దె మీద మొలిచిన రావిమొక్క వేలెడున్నప్పుడే పీకేసినవాళ్ళు, పొయ్యి రాజేసి పొగతో కట్టెకు పురుగు పట్టకుండా చేసినవాళ్ళు. వాళ్ళలో కొందరు సుగ్గికి, అంటే కోతల కూలికి, గుంటూరు మిరప చేలకు పోయారు, కొందరు నీలాగే బెంగుళూరులో స్థిరపడ్డారు. తాళం వేసిన ఇల్లు మూడు వానాకాలాల్లో పదేళ్ళ ముసలితనం తెచ్చుకుంటుంది. కాబట్టి ఇంటి వయసు అడగడం కన్నా చివరిసారి మనుషులు కాపురమున్నది ఎప్పుడు, చివరిసారి మిద్దె మీద మట్టి తీసి వేసింది ఎప్పుడు అని అడుగు. వానలు కూడా పాత తీరులో పడటం లేదు. ఏడాదికి 600 మిల్లీమీటర్ల పైచిలుకు వాన నెలల మీద పడే సీమకోసం పుట్టిన కప్పు ఇది. 2009 సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో కురిసినట్టు రోజుల తరబడి కుండపోతగా పడితే తట్టుకోవడానికి దీన్ని ఎవరూ కట్టలేదు. ఆ ఏడాది తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు మునిగింది అందరికీ గుర్తుంది. నది ఛాయలకే రాని ఊళ్ళలో నాని ఒరిగిన గోడల సంగతే ఎవరూ చెప్పుకోరు.

ఇక పరీక్ష అంటే గది గదికీ తిరిగి ‘బాగుంది’ అనడం కాదు. దూలం నడుమ భాగం అందరికీ కనిపిస్తుంది, నూనె పూస్తే మెరుస్తుంది కూడా. అది పుచ్చేది గోడలోకి దూరే చోట. గోడ తడి పీల్చేదీ చెద ఎక్కేదీ అక్కడే. ఇంజనీరు నిచ్చెన వేసుకుని ఎక్కి, ఆ కొన దగ్గర స్క్రూడ్రైవరుతో గట్టిగా పొడుస్తాడు. మంచి కట్టె అయితే మొన జారిపోతుంది. పుచ్చినదైతే అంగుళం లోపలికి దిగి, తీసేటప్పుడు పొట్టురంగు పొడి రాలుతుంది. కర్రతో కొట్టి చూస్తే చప్పుడులోనే తేడా తెలుస్తుంది. దూలం ఈ చివర నుంచి ఆ చివరకు దారం లాగి కట్టి, నడుమ ఎంత వంగిందో కొలుస్తాడు. గోడ పక్కన తాడుకు గుండు కట్టి వేలాడదీస్తే కడుపు ఉబ్బిన గోడ దాచుకోలేదు. అటువంటి గోడలో లాతూరులో జరిగినట్టు రెండు ముఖాలూ అప్పుడే విడిపోతూ ఉండవచ్చు. పగులు కనిపిస్తే అది ఎంత పొడవుందన్నది తర్వాతి సంగతి, పైన వెడల్పా కింద వెడల్పా, కిటికీ మూల నుంచి ఏటవాలుగా పాకిందా అన్నది చూస్తాడు. నల్లరేగడి మీద పునాది లోతు చాలకపోతే ఎండాకాలం నోరు తెరిచే పగులు వానాకాలం మూసుకుంటుంది. అందుకే ఆగస్టులో చూసిన ఇల్లు ఏప్రిల్‌లో వేరే ఇల్లులా ఉంటుంది. కొత్తగా కొట్టిన సున్నం చూసి మురిసిపోవద్దు. మట్టిగోడకు సిమెంటు పూత పూసి ఉంటే మరీ అనుమానించు. లోపలి తడి బయటికి రాలేక, పూత వెనకే గోడ చౌడెక్కి పొడిపొడిగా రాలుతుంటుంది. వేళ్ళతో తట్టితే డొల్ల చప్పుడు వస్తుంది.

ఇవి ఏ ఊళ్ళోనైనా చూడాల్సినవి. గూడూరుకు వచ్చేసరికి ఇంకా కొన్ని ఉన్నాయి. కోడుమూరు, ఎమ్మిగనూరు మాదిరే అదీ నేతగాళ్ళ ఊరు. పాత ఇంట్లో గుంతమగ్గం ఉండి ఉండవచ్చు. మగ్గం ఎత్తేశాక గుంతలో చేతికందిన మట్టి పోసి పైన బండలు పరిచేస్తారు. అది గోడ వారగా ఉంటే పునాది పక్కనే మెత్తటి నేల ఉన్నట్టు. నడిచేటప్పుడు బండ కదులుతుందేమో చూసి, మగ్గం ఎక్కడుండేదో ఇంట్లో ముసలివాళ్ళను అడిగితే నవ్వుతూ చెబుతారు. వీధి సంగతి కూడా అంతే. సీసీ రోడ్డు మీద సీసీ రోడ్డు వేసుకుంటూ పోయారు. అప్పట్లో మూడు మెట్లెక్కి లోపలికి పోయిన ఇల్లు ఇప్పుడు వీధికి సమానమై, వాన నీళ్ళు గడప దాటే పరిస్థితికి వచ్చింది. రాతిగోడ అడుగున నీళ్ళు నిలిస్తే అడుసు కరిగిపోతుంది. అన్నిటికన్నా చిక్కు ఉమ్మడి గోడది. నీ దూలాలూ పక్కింటి దూలాలూ ఒకే గోడలో తలలు పెట్టుకుని ఉంటే, రేపు పక్కాయన తన మిద్దె పడగొట్టి పిల్లర్లకు గుంతలు తవ్విన రోజున నీ ఇంటికి ఆసరా పోతుంది. ఆ గోడ ఎవరిదో దస్తావేజు చెబుతుందేమో, ఎవరిని మోస్తోందో చెప్పదు. మధ్యలో ఎవరో వెనకవైపు కట్టుకున్న ఆర్‌సీసీ గది ఉంటే దాని స్లాబు అడుగున తుప్పు మరకలు, రాలిన పెచ్చులు చూస్తే చాలు, ఆ కథ చిన్నదే.

‘మన మేస్త్రి చూశాడు, ఫరవాలేదన్నాడు’ అనే మాట కూడా నీ ఉత్తరంలో ఉంది. మేస్త్రి కన్నును నేను తక్కువ చేయను. రాయి పేర్పు గురించి చాలామంది ఇంజనీర్ల కన్నా ఆయనకే ఎక్కువ తెలుసు. పాత కట్టె తెలిసిన వడ్రంగినీ, ఆయన్నీ ఇద్దరినీ పరీక్షకు వెంట తీసుకుపో. కానీ రేపు రిపేరు పని ఆయనకే వస్తుంది. ఉన్నది ఎక్కువ చేసి చెప్పినా, బేరం చెడకూడదని తక్కువ చేసి చెప్పినా ఆయనకు లాభనష్టాలున్నాయి. పైగా నోటిమాటకు సంతకం ఉండదు. బ్యాంకు లోనుకు వచ్చే వాల్యూయర్ రిపోర్టును కూడా దీనికి బదులనుకోవద్దు. అప్పు మునిగితే ఇంటిని అమ్మి ఎంత రాబట్టుకోవచ్చు అన్నది బ్యాంకు ప్రశ్న. అమ్మ ఆ గదిలో నిశ్చింతగా పడుకోవచ్చా అన్నది నీ ప్రశ్న.

ఖర్చు గురించి నువ్వు అడగలేదు గానీ మీ నాన్న అడుగుతాడు. పది లక్షల ఇంటికి స్టాంపు డ్యూటీ, బదిలీ పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి మన రాష్ట్రంలో ఏడున్నర శాతం, అంటే 75 వేలు, మారు మాట్లాడకుండా కడతాం. అందులో చిన్న వంతు ఇంజనీరుకు ఇవ్వడానికి మాత్రం చేతులు రావు. వాస్తుకు ఇచ్చే దక్షిణకూ మనసొప్పుతుంది. ఈశాన్యం పెరిగిందా తగ్గిందా అని టేపు పట్టి చూసినాయన, అంతసేపూ తన నెత్తిమీదే ఉన్న దూలాన్ని తలెత్తి చూసి ఉండడని నా అనుమానం. ఎమ్మిగనూరు జాతరలో ఎద్దును కొనేవాడు పళ్ళు పట్టి చూస్తాడు, నడిపించి చూస్తాడు, కాడి కట్టి చూస్తాడు. అమ్మేవాడు దాన్ని తప్పు పట్టడు. ఇంటి దగ్గరే ఎందుకు మొహమాటం?

ఆ మొహమాటమే నిజంగా నిన్ను ఆపుతోందని నాకు తోస్తోంది. పెద్దమనుషులను అనుమానించినట్టవుతుందని రాశావు. వాళ్ళు అబద్ధం చెబుతారని నేననడం లేదు. గోడలోపల దాగిన కట్టె కొన సంగతి వాళ్ళకూ తెలియదు, అందుకే వాళ్ళ మంచితనం నిన్ను కాపాడలేదు. చట్టం కూడా ఇంతే చెబుతోంది. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 55వ సెక్షన్ ప్రకారం, తనకు తెలిసి, కొనేవాడికి తెలియక, మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యమైన లోపం ఉంటే అమ్మేవాడు చెప్పి తీరాలి. అంటే తనకే తెలియనిదానికి అతను బాధ్యుడు కాడు, నువ్వు కాస్త శ్రద్ధపెడితే కనిపించేదానికీ కాడు. ఆ శ్రద్ధ చట్టం నీ మీద పెట్టిన పని. స్కాట్లండులో 2008 డిసెంబరు నుంచి ఇల్లు అమ్మకానికి పెట్టేవాడే సర్వే రిపోర్టు తయారు చేయించి చూపాలని నియమం పెట్టారు. అక్కడ దాన్ని ఎవరూ అవమానమనుకోరు. మన దగ్గర ఆ నియమం లేదు కాబట్టి అడగడం నీ వంతయింది.

ఇంకో సంగతి. ఇదంతా చదివి భయపడి ‘మిద్దె వద్దు, పడగొట్టి స్లాబు వేసుకుంటా’ అనేస్తావేమో, అదీ నాకు సమ్మతం కాదు. చూడకుండా కొనడం ఎట్లాంటిదో చూడకుండా పడగొట్టడమూ అట్లాంటిదే. మంచి రిపోర్టు చాలాసార్లు ఇల్లు నిలబెట్టడానికే పనికొస్తుంది. నాలుగు దూలాల్లో ఒక్కటే పుచ్చి ఉంటుంది, దాన్ని మార్చితే సరిపోతుంది. పైనున్న అడుగున్నర మట్టిని తీసి తేలికైన కప్పు వేసుకోవచ్చు. ఉబ్బిన గోడకు రెండు ముఖాలూ కలిసేలా అక్కడక్కడా రంధ్రాలు చేసి కాంక్రీటుతో కుట్లు వేయవచ్చు. లాతూరు తర్వాత మిగిలిన ఇళ్ళను బలపరచడానికి వాడిన పద్ధతే ఇది. రిపోర్టు లేనివాడికి ‘ఉంచడమా, కూల్చడమా’ అన్న రెండే దారులుంటాయి, రెండూ ఖరీదైనవే. వాడకం పోయిందనీ పాతదనీ మనం నేలమట్టం చేసిన మిద్దెల్లో ఎన్ని ఒక్క దూలం మార్పుతో నిలబడేవో ఎవరూ లెక్క పెట్టలేదు.

అగ్రిమెంటు రాసే ముందే వాళ్ళతో మర్యాదగా చెప్పు, ఇంజనీరు చూశాకే ధర ఖాయం చేద్దామని. బయానా తప్పదంటే చిన్న మొత్తం ఇచ్చి, పెద్ద లోపం బయటపడితే రిపేరు ఖర్చు ధరలో తగ్గించడమో బయానా వాపసివ్వడమో జరగాలని అందులో రాయించు. ఇంజనీరును ఇప్పుడొకసారి, మంచి వాన పడిన మర్నాడు ఒకసారి తీసుకుపో. కురిసిన చోటు ఆ రోజు దాగదు. రిపోర్టులో ప్రతి గదికీ ఫోటోలు, ఏది వెంటనే చేయాలి, ఏది ఏడాది ఆగవచ్చు అన్నది వేరువేరుగా ఉండాలి. అది రాగానే ఒక కాపీ నాకూ పంపు. మీ నాన్నతో నా మాటగా చెప్పు, అంతదాకా గృహప్రవేశానికి ముహూర్తం అడగవద్దని.

ఇట్లు,
మీ చిన్నాయన