శత్రువునకు వందనము

ధ్యాన భాగము: మత్తయి 5:43–48



మన మేలు కోరువారిని ప్రేమించుట ఎవరికైనను తేలికయే. పగవానిని ప్రేమింపవలెనని ప్రభువు చెప్పినప్పుడే మన గుండె వెనుదీయును. ఇది మనుష్యులకు సాధ్యమా? జేకబ్ డిషేజర్ అను సైనికుని జీవితమును చూతము.

ఈయన అమెరికా విమానములో బాంబులు వదలువాడు. 1941 డిసెంబరు 7న జపానువారు పెరల్ హార్బరును కొట్టిరని విని పగతో మండిపోయెను. 1942 ఏప్రిల్ 18న డూలిటిల్ నాయకత్వమున హార్నెట్ అను నౌకపైనుండి 16 విమానములు, 80 మందితో జపాను మీదికి లేచెను. కడపటి విమానము డిషేజరుది. నగోయా పట్టణముపై నిప్పు బాంబులు కురిపించి చైనా చేరునప్పటికి పెట్రోలు అయిపోయెను. పారాచూటుతో చీకటిలోనికి దూకి, జపానువారికి చిక్కెను.

చిక్కిన 8 మందిలో ముగ్గురిని కాల్చి చంపిరి. మరియొకడు చెరలోనే కృశించి చనిపోయెను. డిషేజరు 40 నెలలు చెరలో నుండెను. అందు 34 నెలలు ఒంటరి గదిలోనే. ఆకలి ఒకవైపు, ద్వేషము ఒకవైపు ఆయనను తినివేసెను.

1944 మే నెలలో ఒక బైబిలు చేతికి వచ్చెను. గడువు మూడు వారములే. ఆకలిగొన్నవాడు అన్నము తినునట్లు చదివెను. జూన్ 8న రోమా 10:9 చదువుచు ప్రభువును అంగీకరించెను.

పరీక్ష వెంటనే వచ్చెను. ఒక కావలివాడు ఆయన పాదము నలుగునట్లు తలుపు మూసి, మేకుల బూటుతో తన్నెను. పాత పగ లేచెను. అయినను ప్రభువు ఆజ్ఞ జ్ఞాపకము వచ్చి, మరునాటి ఉదయము వానికి జపాను భాషలో వందనము చెప్పెను. వాడు వింతగా చూచెను. ప్రతి ఉదయమును అట్లే చెప్పుచుండగా, వాడు మెత్తబడి మాటలాడసాగెను. ఒకనాడు ఉడికించిన చిలగడదుంప తెచ్చి ఇచ్చెను. గమనించుడి: వాడు మంచివాడగువరకు డిషేజరు కాచుకొనలేదు.

1945 ఆగస్టులో విడుదలై, 1948లో మిషనెరీగా జపానుకు తిరిగి వెళ్లెను. తరువాత తాను నిప్పు కురిపించిన నగోయాలోనే సంఘము కట్టెను. పెరల్ హార్బరుపై విమానములను నడిపించిన ఫుచిదా, డిషేజరు సాక్ష్యపు కరపత్రమును, పిమ్మట బైబిలును చదివి, 1950లో క్రీస్తును నమ్మెను. పగవారిద్దరు సహోదరులైరి.

ఆ చెరసాల మనకు దూరము. గట్టు తగవులు దగ్గర. ఒకే బల్ల యొద్ద రొట్టె తీసికొని, వాకిట మొగము త్రిప్పుకొను అన్నదమ్ములు మనలో లేరా? రేపు ఉదయము పొలము దారిలో ఆ పొరుగువాడు ఎదురైనప్పుడు ముందుగా మనమే వందనము చెప్పుదము. బదులు రాకపోయినను ఎల్లుండియు చెప్పుదము. ప్రభువు అట్టి కృప మనకు దయచేయును గాక. ఆమేన్.